కాగితాల్లో లేని పేరు కోసం మిల్వాకీ దాకా

ఏ పనీ చేయకూడదని ప్రభుత్వమే ముద్ర కొట్టి ఇచ్చిన వీసా నాది. మా ఆయన వీసాకి అది తోక. ఆ తోక పట్టుకుని నేపర్‌విల్‌లో నాలుగేళ్ళు గడిపాను. పొద్దున్నే ఆయన ట్రైనెక్కి సిటీకి వెళ్ళిపోతే, సాయంత్రం దాకా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. సర్దిన అల్మారాలే మళ్ళీ సర్దేదాన్ని. జీతం తీసుకోకుండా సేవ చేయొచ్చని ఎవరో చెప్పగానే, షికాగోలో డెవాన్ వీధికి దగ్గర్లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే క్లాసుకి పరుగెత్తాను. నేర్పడం కంటే ఇల్లు వదిలి బయటపడటమే నాకు ముఖ్యమని ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు.

హసీనా అక్కడే పరిచయమైంది. హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది. ముప్పై దాటి ఉంటాయి. కాగితాల్లో ఒక వయసు, ఆమె లెక్కలో ఇంకొకటి. బర్మాకి పడమటి అంచున, సముద్రం పక్కన అరకాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి రోహింగ్యా ముస్లింలు వాళ్ళు. మీరసలు ఈ దేశం మనుషులే కాదు పొమ్మని సొంత దేశమే అంటే పడవలెక్కిపోయినవాళ్ళు. హసీనా పదిహేనేళ్ళప్పుడు తల్లితో, మూడేళ్ళ చెల్లెలు సల్మాతో మలేషియా చేరింది. రెండేళ్ళు తిరక్కుండానే తల్లి పోయింది. గిన్నెలు తోముతూ చెల్లెల్ని పెంచుకుని, ఎన్నో ఏళ్ళకి అమెరికా వచ్చింది. మా ఇద్దరి మధ్యా భాష హిందీ. ఆమె సినిమాలు చూసి నేర్చుకుంది, నేనూ అంతే. నన్ను ఆపా అంటుంది, అంటే అక్క.

2014 అక్టోబరులో సల్మాకి పెళ్ళి కుదిరింది. వరుడు రఫీక్ మిల్వాకీలో ఫ్యాక్టరీ పనివాడు, మంచి పిల్లవాడట. పెళ్ళి లైసెన్సు కాగితం నింపేటప్పుడు పెళ్ళికూతురి తల్లి పేరు అడిగారు. నింపి వచ్చిన రోజు హసీనా క్లాసులో నోట్‌బుక్ తెరవలేదు.

"అక్కడ రాసింది మా అమ్మ పేరు కాదు, ఆపా. పెద్దమ్మ పేరు" అంది.

వాళ్ళ దేశంలో ప్రతి ఇంటికీ ఒక జాబితా ఉంటుందట. అధికారులు లెక్కకి వచ్చినప్పుడు ఇంట్లో లేనివాళ్ళ పేరు కొట్టేస్తారు. ఒకసారి గొడవల్లో సరిహద్దు దాటి పోయి తిరిగొచ్చేసరికి హసీనా తల్లి పేరు కొట్టేశారు. పేరు లేని తల్లికి పుట్టిన పిల్లలకి పేరుండదు. అందుకని తండ్రి ఆడపిల్లలిద్దర్నీ తన అన్న ఇంటి జాబితాలో, వదిన కన్న కూతుళ్ళుగా రాయించాడు. మలేషియాలో శరణార్థి కార్డుకీ, అమెరికా ఇంటర్వ్యూలకీ అదే పేరు వెంట నడిచింది. కన్నతల్లి పేరు ఏ కాగితం మీదా లేదు. చిన్నపిల్ల ఇంటర్వ్యూలో నోరు జారుతుందన్న భయంతో హసీనా సల్మాకి కూడా ఆ పేరు చెప్పలేదు. చెప్పే రోజు వస్తుందిలే అనుకుంటూ ఉంటే పెళ్ళి వచ్చింది.

వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు పాడే పాటల్ని హౌలా అంటారు. మన వియ్యాలవారి పాటల్లాగే రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు దులిపేసుకుంటాయి. ఆఖర్న అప్పగింత పాట. హసీనా వాళ్ళ ఊరి పద్ధతిలో ఆ పాట మధ్యలో పాడే ఆమె "వెళ్ళేది ఎవరి బిడ్డ?" అని మూడుసార్లు అడుగుతుంది. పిల్ల తరఫువాళ్ళు తల్లి పేరు పాడి జవాబు చెప్పాలి. అప్పుడే మిగతా పాట.

"కాగితం మీద ఎలాగూ లేదు. పాటలోనైనా అమ్మ పేరుతో దాన్ని పంపాలి" అంది హసీనా. ఆ పాట మొత్తం వచ్చిన మనిషి ఆమెకి తెలిసినంతలో ఈ దేశంలో ఒక్కతే ఉంది. ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లో ఉండే ముసలమ్మ. బస్సు పడదు, విమానం ఎక్కనంటుంది.

"నాకు కారుంది" అన్నాను. ఆమె ఇంకా అడగనే లేదు.

ఇంట్లో చెబితే మా ఆయన ల్యాప్‌టాప్ మూసి మరీ చూశారు. ఆయనది కరీంనగర్, నాది విశాఖ. రాష్ట్రం ఆ జూన్‌లో రెండైంది గానీ మా ఇంట్లో పెళ్ళైన రోజు నుంచీ రెండే.

"ఐదొందల మైళ్ళా? మనకేమైతరే వాళ్ళు?"

"ఏమీ కారు. అందుకే ఎవరూ అడ్డు చెప్పరు."

"నేను చెప్తున్న గద" అన్నారు. అయినా వెళ్ళి టైర్లలో గాలి చూసి వచ్చారు.

డెవాన్ వీధి

గురువారం పొద్దున హసీనా కోసం డెవాన్ వీధిలో కారాపాను. చీరల కొట్లు, మిఠాయి కొట్లు, హలాల్ మాంసం దుకాణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండే వీధి అది. పార్కింగ్ దొరకడానికి అరగంట పట్టింది. హసీనా చేతిలో రెండు సంచులు. ఒకదాన్లో తమలపాకులు, డాలరుకి ఐదు చొప్పున వంద. మన దగ్గర అలా అమ్మితే కొట్టువాణ్ణి కొడతారు. వాళ్ళకీ పెళ్ళిమాట ఖాయం కావాలంటే ఆకూ వక్కా మార్చుకోవాల్సిందే. తాంబూలం లేని పెళ్ళి పెళ్ళే కాదంది.

రెండో సంచిలో నాలుగు నిలువు కోళ్ళు, ముక్కలు కొట్టనివి. కొత్త అల్లుడికి కోడిని కోడిలాగే నిలువునా మసాలా పట్టించి వేయించి పెడతారట. ఒక్కడే అల్లుడికి నాలుగెందుకని అడిగాను.

"ఒకటి అల్లుడికి. మూడు మనకి. వాసనకి నువ్వు ఊరుకుంటావా?" అంది.

హసీనా నవ్వితే చూడటం నాకు అదే మొదటిసారి. కోళ్ళని ఆమె ఫ్రిజ్‌లో పెట్టి బయల్దేరాం. నా ఫోన్ కొత్తది. రెండు రోజుల ముందే అందులో మాటలు రికార్డు చేసే పద్ధతి నేర్చుకున్నాను. ఇలాంటి పాటలు పోకుండా దాచాలని, ఆ పని చేసేది నేనే కావాలని నాలో నేను నిర్ణయించేసుకున్నాను. నాలుగేళ్ళుగా పనికిరాకుండా పడి ఉన్న మనిషికి దొరికిన పని కదా, ఎవర్నీ అడగాలని తోచలేదు.

ఫోర్ట్ వేన్

ఇండియానాలో గడియారం మాకంటే ఒక గంట ముందుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు, తెలిసీ మర్చిపోయాను. పన్నెండున్నరకి భోజనానికి వస్తామని చెప్పి, నా లెక్కలో సరిగ్గా పన్నెండున్నరకే తలుపు తట్టాం. అక్కడ ఒకటిన్నర.

తలుపు తీసినామె నా భుజం దాకా కూడా లేదు. లుంగీలాంటి గళ్ళ గుడ్డ, పైన మనవడి స్వెట్టరు, నోటి నిండా కిళ్ళీ. హసీనా ఆమెని దాదీ అంది, అంటే నానమ్మ. నేనూ దాదీ అనే అన్నాను. ఆమె మమ్మల్ని పలకరించలేదు. వంటింటి పొయ్యి మీద వెలుగుతున్న గడియారం వైపు వేలు చూపించింది. తర్వాత ఒక గిన్నె మూత తీసి చూపించింది. బియ్యప్పిండితో చేసిన పల్చటి రొట్టెలు, ఆ గంటలో అంచులు బిరుసెక్కిపోయాయి. వాటిని లూరీ ఫిరా అంటారు. వేడి మీద తింటే గుడ్డలా మడతపడతాయట.

"అప్పడాలు కావు ఇవి. అప్పడాలు అనుకుని తినకు" అంది దాదీ. ఆమె మాట హసీనా హిందీలో చెబితే నాకర్థమయ్యేది. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాసుకుంటూ పోతాను.

కూర ఎండుచేపలది. ఎర్రగా, ఘాటుగా, చింతపండు తక్కువగా. నేను సముద్రం ఒడ్డు దాన్ని. అమెరికాకి వచ్చాక ఆ వాసన తగిలి నాలుగేళ్ళైంది. అపార్టుమెంటులో ఎండు మెత్తళ్ళు వేయిస్తే పక్కవాళ్ళు ఫైర్ ఇంజన్‌కి ఫోన్ చేస్తారని మా ఆయన భయం. మూడుసార్లు వడ్డించుకున్నాను. దాదీ ముఖం అప్పుడు కాస్త విప్పారింది.

మా తాతయ్య రంగం రేవులో పనిచేసేవాడని, యుద్ధంలో బాంబులు పడితే అరకాన్ కొండల మీదుగా నడిచి ఇంటికి చేరాడని చెప్పాను. రంగం అంటే రంగూన్ అని మన ఉత్తరాంధ్ర వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మీ ఊళ్ళ మీదుగానే వచ్చి ఉంటాడంటూ పెద్ద చుట్టరికమే కలపబోయాను.

"కొరంగీలా మీరు?" అంది దాదీ. చిన్నప్పుడు వాళ్ళ అక్యాబ్ రేవులో బస్తాలు మోసే తెలుగువాళ్ళని అలా పిలిచేవారట. కోరంగి నుంచి ఓడెక్కినవాళ్ళని ఆ పేరు. నా ఒళ్ళు ఒక్కసారి ఝల్లుమంది. దాదీకి అలాంటిదేమీ లేదు. "కొరంగీల పెళ్ళిళ్ళలో పాడతారా?" అని మాత్రం అడిగింది.

"పాడతారు" అన్నాను.

"నువ్వు పాడు."

నాకు రెండు ముక్కలు వచ్చు. వియ్యపురాలి వడ్డన మీద ఎగతాళి పాట, మా మేనత్త పాడేది. మూడో ముక్క ఏమిటో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. నా పెళ్ళిలో పాటలు మైకువాడే వేశాడు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. దాదీ నావైపు జాలిగా చూసి ఇంకో రొట్టె వేసింది.

సాయంత్రం ఆమె వెంట బజారుకి వెళ్ళాం. ఆ ఊళ్ళో బర్మా నుంచి వచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. బర్మీయుల కొట్టు ఒకటుంది. దాదీ లోపలికి వెళ్ళి కొట్టు ఆమెతో బర్మా భాషలో మొదలుపెట్టింది. ఇద్దరూ గొంతు పెంచారు. ఎండురొయ్యల పొట్లం ఏడు డాలర్లంటే దాదీ ఐదంది, కొట్టు ఆమె చేతులు జోడించింది, ఇద్దరూ నవ్వారు, ఆరుకి తెగింది. మీ ఊళ్ళు తగలబెట్టిన దేశం వాళ్ళతో ఇంత సరసమా అని నేను బయటికొచ్చాక అడిగాను. నాకు కొన్ని విషయాల్లో నోటికి తాళం లేదు.

"ఆమె ఊరూ ఎవరో తగలబెట్టే ఉంటారు. లేకపోతే ఈ చలిలో ఆమెకేం పని?" అంది దాదీ.

టోల్ రోడ్డు

శుక్రవారం ఎండగా ఉంది. రోడ్డుకి రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు. దాదీ వెనక సీట్లో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది, పక్కన హసీనా. డబ్బాలో సున్నం, వక్క, నిన్న తెచ్చిన ఆకులు. ప్రతి పది మైళ్ళకీ ఒక కిళ్ళీ. ఉమ్మడానికి ఖాళీ కాఫీ కప్పు ఇచ్చాను. ఆ కప్పు నా కొత్త సీటు కవరు మీద ఒలికింది కూడా. మా ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

టోల్ గేటు దాటగానే దాదీ పాఠం మొదలుపెట్టింది. ఆమె ఒక చరణం పాడుతుంది, హసీనా తిరిగి పాడాలి. తప్పితే దాదీ ఆమె మోకాలి మీద ఒక్కటిస్తుంది. మళ్ళీ మొదటి నుంచి. ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి అందుకోవడం ఉండదు. అద్దంలో చూస్తున్నాను. హోటల్లో రోజుకి పద్నాలుగు గదులు సర్దే మనిషి చిన్నపిల్లలా మోకాలు తడుముకుంటోంది. నేను మెల్లిగా ఫోన్ తీసి, రికార్డు నొక్కి, కప్పు పెట్టుకునే గుంటలో పెట్టాను.

అప్పగింత పాట వచ్చింది. దాదీ గొంతు పెద్దది కాదు, కొంచెం బొంగురు. కానీ పాట మొదలెట్టేసరికి నేను యాక్సిలరేటర్ మీద కాలు తేల్చేశాను, వెనక లారీవాడు హారన్ కొట్టాడు. "వెళ్ళేది ఎవరి బిడ్డ?" అని దాదీ అడిగింది. హసీనా కిటికీ వైపు చూసింది. రెండోసారి అడిగింది. అప్పుడు హసీనా చాలా సన్నటి గొంతుతో ఒక పేరు పాడింది. దాదీ ఆ పేరు అందుకుని ఇంకా పైకెత్తి పాడింది. పదహారేళ్ళుగా తన నోట్లోంచి రాని పేరని హసీనా తర్వాత చెప్పింది.

విశ్రాంతి స్థలంలో ఆగాం. నాకు మనసాగలేదు. టీ తాగుతుండగా ఫోన్ తీసి, "చూడండి, ఎంత బాగా వచ్చిందో" అని వినిపించాను. పేరున్న చోటే వినిపించాను, బుద్ధిలేనిదాన్ని.

దాదీ నములుతున్న నోరు ఆగిపోయింది. హసీనా టీ కప్పు కింద పెట్టింది.

"ఎప్పటి నుంచి?" అంది.

"టోల్ గేటు నుంచి."

"తీసెయ్, ఆపా."

ఆడవాళ్ళ మధ్య పాడే పాట మగవాళ్ళ చెవిన పడకూడదని ఒక సంగతి. అది నాకు చెప్పకుండానే తెలియాల్సింది. రెండో సంగతి నేను ఊహించనే లేదు. వాళ్ళ ఊళ్ళో పేర్లు అడిగినవాళ్ళందరూ చేతిలో ఏదో పట్టుకునే వచ్చారు. కాగితం, కెమెరా, మైకు. అడిగి రాసుకున్న ప్రతిసారీ ఒకరో ఇద్దరో తగ్గారు. ఇక్కడేమో అన్ని కాగితాల్లో ఉన్నది ఒక తల్లి, నా ఫోన్లో ఉన్నది ఇంకో తల్లి. వాళ్ళ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. వీసా ఫారంలో ఇంటిపేరు ఒక్క అక్షరం తేడా వస్తేనే మూడు నెలలు నిద్రపోనిదాన్ని నేను. ఆ భయం నాకు ఇంకొకరు నేర్పాలా? నా మీద నాకే అసహ్యం వేసింది. ఇదంతా హసీనాని అడిగి, ఆమె ఒప్పుకున్నాక, మనుషుల పేర్లు మార్చి రాస్తున్నాను. ఇంకొన్ని వివరాలు కూడా మార్చాను.

వాళ్ళ కళ్ళ ముందే చెరిపేశాను. హసీనా ఫోన్ వైపే చూస్తోంది.

"ఇంట్లో కంప్యూటర్‌లోకి కూడా పోతుందా?"

పోతుంది. ఫోన్‌లో ఏది పడినా తనంతట తానే ఇంటి కంప్యూటర్‌లోకి చేరేలా మా ఆయనే సెట్ చేశారు. అక్కడే నిలబడి ఆయనకి ఫోన్ చేశాను. ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తున్నారు, దేవుడి దయ.

"ఇప్పుడే వచ్చింది చూడండి, ఒక ఆడియో ఫైలు. డిలీట్ చేయండి. వినొద్దు!"

"ఏందది?"

"ఏమైతే ఏం, వినకండి. ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. బ్యాకప్‌లోంచి కూడా."

"ఏం జేసినవే?" ఆయన గొంతు మారింది.

"తప్పు చేశాను."

టకటకా కీబోర్డు చప్పుడు. కాసేపటికి, "పోయింది. మూడు జాగల్ల ఉండె, మూడు తీసిన. విన్లే, ఒట్టు" అన్నారు. నేను ఆ మాటలు హసీనాకి చెప్పాను. హసీనా దాదీకి చెప్పింది. దాదీ కప్పులోని టీ నేల మీద పారబోసి వెళ్ళి కార్లో కూర్చుంది.

అక్కణ్ణుంచి షికాగో దాకా పాట లేదు, కిళ్ళీ లేదు. సిటీ భవనాలు కనబడుతుండగా హసీనా మెల్లిగా అంది, "రేపు పాటలో పెద్దమ్మ పేరే చెబుతాను, ఆపా. కాగితంలో ఉన్నదే చెబుతాను. ఇరవై మంది ఆడవాళ్ళు ఉంటారు. ఎవరి ఫోన్ ఎటు తిరిగి ఉంటుందో నాకేం తెలుసు?"

వద్దని చెప్పే అర్హత నాకు లేదు. ఆమెని అంతదాకా తెచ్చింది నేనే.

మిల్వాకీ

ఆ రాత్రికి వాళ్ళిద్దర్నీ హసీనా ఇంట్లో దింపి నేను నేపర్‌విల్ వచ్చేశాను. మా ఆయన అన్నం వేడి చేసి పెట్టారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. శనివారం పొద్దున వాళ్ళు నా కారెక్కుతారో, వేరే ఎవరినైనా పిలుచుకున్నారో తెలియకుండానే బయల్దేరాను. దారంతా రేడియో పెట్టడం, తీసెయ్యడం.

బెల్లు కొట్టగానే దాదీ దిగి వచ్చింది. ముందు సీటు తలుపు తీసి కూర్చుంది. ఎదురుగా ఉన్న అర తెరిచి నా ముందు చెయ్యి చాపింది. నేను ఫోన్ ఇచ్చాను. అందులో పెట్టి మూసి, మోకాలు దానికి ఆనించుకుని మిల్వాకీ దాకా అలాగే కూర్చుంది. దారి తెలియక రెండుసార్లు తప్పు మలుపు తిరిగాను. ఫోన్ అడిగే ధైర్యం లేదు. వెనక సీట్లో హసీనా పక్కన సల్మా గోరింటాకు చేతులు గాల్లో పెట్టుకుని నవ్వుతోంది. ఇరవై ఏళ్ళ పిల్ల, జరిగిందేదీ తెలియదు.

పెళ్ళి ఒకళ్ళ ఇంట్లోనే. మగవాళ్ళు పైన హాల్లో, ఆడవాళ్ళు కింద బేస్‌మెంట్‌లో చాపల మీద. దాదీ మెట్లు దిగగానే పెద్ద స్టీలు బేసిన్ ఒకటి తెప్పించింది. అందరి ఫోన్లూ అందులో వేయించి, పైన దుప్పటి కప్పించింది. ఇక్కడ చదువుకుంటున్న అమ్మాయిలు ముగ్గురు గొణిగారు, ఒకమ్మాయి అయితే ఏడుపు ముఖం పెట్టింది. దాదీ బేసిన్‌ని మెట్ల మీదుగా పైకి పంపేసింది.

హౌలా మొదలవ్వాలి. ఒక చిక్కు. రఫీక్ తరఫున ఆడవాళ్ళెవరూ లేరు. తల్లి, అక్కలు బంగ్లాదేశ్‌లో క్యాంపులో ఉన్నారు. అటు చాప ఖాళీ.

"నేనెవర్ని తిట్టాలి?" అంది దాదీ. చుట్టూ చూసి నావైపు వేలు చూపించింది. "కొరంగీ అటు కూర్చుంటుంది."

అలా నేను అబ్బాయి తల్లినయ్యాను. అరగంట సేపు నన్ను ఉతికి ఆరేశారు. నా లుంగీ అంచుకి బురదట (నేను కట్టుకున్నది కంచిపట్టు). నా ముక్కు చేపలు పట్టే గాలమట. ఆలస్యంగా వచ్చి రొట్టెలు గట్టిగా ఉన్నాయని వంక పెట్టే వియ్యపురాలినట. ఆ చివరిది దాదీ అప్పటికప్పుడు కట్టిందే. హసీనా నవ్వాపుకోలేక నాకు సరిగ్గా అనువాదం కూడా చెప్పలేకపోయింది. జవాబు పాడాల్సింది నేను. లేచి నిలబడి నాకొచ్చిన రెండు ముక్కలూ అందుకున్నాను.

"వడ్డించవమ్మా వియ్యపురాలా, గరిటెకు చిల్లా, చేతికి సంకెలా?"

అర్థం చెప్పగానే గది ఘొల్లుమంది. తర్వాతి ముక్క కోసం నిలబడ్డాను. రాలేదు. మళ్ళీ అదే పాడాను. మూడోసారీ అదే పాడితే అమ్మాయిలు నాతో గొంతు కలిపేశారు, తెలుగులోనే. మా మేనత్త ఉండి ఉంటే మూడో ముక్క అందించేది.

కాసేపటికి మౌల్వీగారు పైన నిఖా చదివించారు. కోడి అల్లుడి పళ్ళెంలో నిలువునా కూర్చుంది. మా వాటా మాకు దక్కింది. తర్వాత అప్పగింత.

సల్మాని మధ్యలో కూర్చోబెట్టి ముసుగు దించారు. దాదీ ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కళ్ళు మూసుకుంది. పాట మొదలైంది. హసీనా చెల్లెలి వెనక మోకాళ్ళ మీద ఉంది. నేను ఆమె చేతుల్నే చూస్తున్నాను. కొంగు అంచుని చుడుతోంది, విప్పుతోంది.

"వెళ్ళేది ఎవరి బిడ్డ?"

హసీనా నోరు విప్పింది, శబ్దం రాలేదు. గదిలో ఎవరో దగ్గారు. పైన మగవాళ్ళ అడుగుల చప్పుడు.

"వెళ్ళేది ఎవరి బిడ్డ?"

హసీనా గది చుట్టూ ఒక్కొక్క చేతినీ చూసింది. అన్నీ ఖాళీ చేతులు. తర్వాత నావైపు చూసింది. నా రెండు అరచేతులూ తిప్పి ఒడిలో పెట్టుకున్నాను. అంతకంటే నేను చేయగలిగింది లేదు. మూడోసారి అడిగాక కూడా జవాబు రాకపోతే పాట అక్కడే ఆపేసి పిల్లని లేపేస్తారని హసీనా ముందే చెప్పింది. కాగితంలో ఉన్న పేరు ఆమె నాలుక చివర సిద్ధంగా ఉందని నాకు తెలుసు.

"వెళ్ళేది ఎవరి బిడ్డ?"

హసీనా పాడింది. నిన్నటి సన్నటి గొంతు కాదు. కాగితంలో ఉన్న పేరు కాదు.

దాదీ కళ్ళు తెరవలేదు, ఆ పేరు అందుకుని పైకెత్తింది. వంత పాడటం మా వంతు. ఆ గదిలో ఉన్న ఇరవై మందిమీ ఆ పేరు పాడాం. రెండోసారి పాడేసరికి ముసుగు కదిలింది. సల్మా వెనక్కి తిరిగి అక్క ముఖంలోకి చూసింది. ఇదేనా అమ్మ పేరు అన్నట్టు కనుబొమలు ముడిచింది. హసీనా తల ఊపింది, కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. ఎంతసేపు చూసుకున్నారో తెలియదు. పెళ్ళికూతురు అప్పగింత పాటలో ఏడవాలే తప్ప గొంతు కలపకూడదట. మూడోసారి వంత వచ్చినప్పుడు సల్మా ముసుగు పైకి తీసేసి, మా అందరికంటే గట్టిగా, వాళ్ళమ్మ పేరు పాడింది.

ఆ పేరు నేను ఇక్కడ రాయను.